ష్మితా ఏడాదిలో కూరగాయలూ పళ్ళూ: ఏ ఇంటికి ఏవి కొనాలి

ఇజ్రాయెల్‌లో కేర్‌గివర్ పని చేసే మనవాళ్ళలో చాలామందికి ష్మితా అనే మాటే తెలీదు, అంటే యూదులు ఏడేళ్ళకోసారి భూమికి విశ్రాంతి ఇచ్చే ఏడాది, అందులో వాళ్ళ తప్పేం లేదు, మన వీసా మామూలుగా 63 నెలలు, ష్మితా ఏమో ఏడేళ్ళకోసారి, మధ్యలో వచ్చి మధ్యలో ఇంటికెళ్ళిపోయిన వాళ్ళకి అది తగలనే తగలదు. నాకు తగిలింది. 2021 సెప్టెంబరులో మొదలయ్యేనాటికి నేను టెల్ అవీవ్ పక్కనున్న బ్నే బ్రాక్‌లో ఒక మామ్మగారింట్లో ఉన్నా, బాగా మడీ ఆచారం ఉన్న ఇల్లు, కూరగాయలు తేవడం నా పనే. కీర దోసకాయలు కొనడానికి కూడా ఇన్ని రూల్స్ ఉంటాయా అని మొదటి నెలంతా ఏడుపొక్కటే తక్కువ. మళ్ళీ 2028 సెప్టెంబరు 20 సాయంత్రం మొదలవుతుంది, 2029 సెప్టెంబరు 9 సాయంత్రం దాకా ఉంటుంది, ఇప్పుడు కొత్తగా వీసా వేయించుకుంటున్న పిల్లలకి ఇది తప్పదు కాబట్టి నాకు అర్థమైనంతలో ఏది కొంటే ఏంటి, ఏ ఇంటికి ఏది పనికొస్తుంది అన్నది రాస్తున్నా. తేదీలు గుర్తుండకపోతే చిన్న కిటుకు, యూదుల సంవత్సరం అంకెని ఏడుతో భాగించండి, శేషం రాకపోతే అదే ష్మితా. 2021-22 వాళ్ళకి 5782, 2028-29 ఏమో 5789.

అసలు సంగతి లేవీయకాండం 25లో ఉంది, చర్చికెళ్ళే వాళ్ళయినా ఆ పుస్తకం దగ్గరికి రాగానే పేజీలు తిప్పేస్తాం కదా, నేనూ అంతే. ఆరేళ్ళు విత్తండి, కోయండి, ఏడో ఏడు భూమికి విశ్రాంతి ఇవ్వండి, తనంతట తాను పండింది అందరిదీ. మాది గోదావరి జిల్లా, దాళ్వా వదిలేస్తేనే మా నాన్న అన్నం సహించక తిరిగేవాడు, అలాంటిది ఏడాదంతా బీడు పెట్టడమా అనుకున్నా. 2011లో కోనసీమ రైతులు క్రాప్ హాలిడే అన్నారు గుర్తుందా, అది గిట్టుబాటు లేక కడుపు మండి చేసింది, ఇది దేవుడి మాట మీద చేసేది. ఇంకోటి, ఈ రూలు ఇజ్రాయెల్ నేలకే, మిగతా ప్రపంచానికి లేదు. గుంటూరు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అని తెలుగు యూదులు ఉన్నారు కదా, వాళ్ళ ఊరి పొలాలకి ష్మితా పట్టదు.

ఇప్పుడు అసలు పాయింటు. "ఏది కరెక్టు" అని మనం తేల్చక్కర్లేదు, అక్కడి రబ్బీలే, అంటే యూదుల మతగురువులే, నూటముప్ఫై ఏళ్ళకి పైగా కొట్టుకుంటున్నారు. మనం అడగాల్సింది ఒక్కటే, ఈ ఇంటివాళ్ళు ఎవరి మాట మీద నడుస్తారు అని. నాకూ నా ఫ్రెండ్స్ ఇద్దరికీ ఆ ఏడాది మూడు రకాల ఇళ్ళు పడ్డాయి, ఫోన్‌లో మాట్లాడుకుంటుంటే మూడు దేశాల్లో ఉన్నట్టుండేది. ఒకావిడ టెల్ అవీవ్‌లో, ఆవిడ చూసుకునే తాతగారు శనివారం విశ్రాంతి దినాన కూడా టీవీ చూసే రకం, ఆచారాల పట్టింపు లేదు, ఆవిడకి ష్మితా వచ్చిందీ తెలీదు పోయిందీ తెలీదు. ఇంకొకావిడ జెరూసలేంలో, భక్తి ఉన్న ఇల్లే, అరబ్బు రైతు పండించిన కూరగాయలు తెచ్చి మామూలుగా వండి తొక్కలు మామూలు చెత్తలో వేసేది. నేను బ్నే బ్రాక్‌లో, అవే అరబ్బు కూరగాయలు తెస్తాం, కానీ తొక్కలకి వేరే డబ్బా. తేడా ఎందుకో కింద చెప్తా.

ముందు రెండు ముక్కలు అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది, నాకు ఎవరూ చెప్పక ఆర్నెల్లు పట్టింది. మొదటిది సెఫిఖీన్. ఆ ఏడాది యూదుడి పొలంలో మొలిచిన కూరగాయలూ ధాన్యం, వాటంతటవి మొలిచినా సరే, తినకూడదని పాతకాలం రబ్బీలు పెట్టిన నిషేధం, దొంగచాటుగా విత్తి వాటంతటవే మొలిచాయని చెప్పేవాళ్ళ వల్ల వచ్చిందట, చదివి నవ్వొచ్చింది, మనుషులు ఎక్కడైనా మనుషులే. రెండోది కెదుషత్ ష్వియిత్, అంటే ఏడో ఏటి పవిత్రత. ఇది పళ్ళకి ఎక్కువ పడుతుంది. పండు నిషేధం కాదు, పవిత్రం, తినొచ్చు కానీ మర్యాదగా తినాలి, పారేయకూడదు, వ్యాపారం చెయ్యకూడదు. సత్యనారాయణ వ్రతం ప్రసాదం మనమైనా తొక్కే చోట పడేస్తామా, అలా అన్నమాట. కూరగాయకి కోసిన రోజు లెక్క, పండుకి పిందె పడిన రోజు లెక్క. అందుకే ష్మితా మొదలవగానే కూరగాయలతో గొడవ మొదలవుతుంది, పళ్ళ గొడవ మాత్రం వసంతంలో గానీ రాదు, వచ్చాక ష్మితా అయిపోయిన తర్వాత కూడా నెలల తరబడి పోదు. దీనిమీదే నేను దొరికిపోయా, అది కూడా చెప్తా.

మార్కెట్లో కనిపించే వాటిల్లో మొదటిది హెతేర్ మెఖిరా. భూమిని ఆ ఏడాది మటుకు యూదుడు కాని మనిషికి అమ్మేస్తారు, చీఫ్ రబ్బినేట్ (ప్రభుత్వ రబ్బీల సంస్థ) ద్వారా కాయితాల మీద, ఏడాది అవగానే తిరిగొచ్చేస్తుంది. భూమి యూదుడిది కాదు కాబట్టి రైతు పండించొచ్చు, మనం కొనొచ్చు. 1888-89 ష్మితాలో కొత్తగా వచ్చి స్థిరపడిన రైతులు ఆకలికి చస్తుంటే కొవ్నో ఊరి రబ్బీ యిత్స్‌హాక్ ఎల్హనాన్ స్పెక్టర్ లాంటి పెద్దలు ఒప్పుకున్నారు, 1909-10లో అప్పుడు యాఫోలో రబ్బీగా ఉన్న కూక్ గారు దాన్ని గట్టిపరిచారు. తిట్టేవాళ్ళు ఏమంటారంటే ఇది ఉత్తుత్తి అమ్మకం అని, మన దగ్గర సీలింగ్ చట్టం వచ్చినప్పుడు పాలేరు పేర ఎకరాలు రాసినట్టు. కానీ మా టెల్ అవీవ్ ఫ్రెండు చూసుకునే తాతగారి కొడుకు ఒక మాటన్నాడట, పస్కా పండక్కి ఇంట్లో ఉంచుకోకూడని పులిసిన పిండిని ఇలాగే యూదుడు కానివాడికి అమ్మినప్పుడు ఎవరూ నవ్వరు, భూమి అమ్మితే నవ్వుతారేం అని. అదీ నిజమే కదా. ధర మామూలే, సరుకు ఫ్రెష్, దేశంలో మామూలు సూపర్ మార్కెట్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. 2007లో ఊళ్ళల్లోని రబ్బీలు దీన్ని ఒప్పుకోవాలో లేదో వాళ్ళిష్టం అని చీఫ్ రబ్బినేట్ వదిలేస్తే సుప్రీం కోర్టు దాకా వెళ్ళి ఆ నిర్ణయం కొట్టేశారు, అంటే హోటళ్ళకీ షాపులకీ ఇది ఎంత ముఖ్యమో చూడండి. గట్టి హరేదీ (బాగా ఛాందసంగా ఉండే యూదుల) ఇల్లయితే మటుకు దీని జోలికే పోవద్దు, వాళ్ళ లెక్కలో ఆ అమ్మకం చెల్లదు, చెల్లకపోతే ఆ కూరగాయ సెఫిఖీన్, నిషేధం, అది వండిన గిన్నెకి కూడా గొడవే.

రెండోది ఓత్సార్ బేత్ దీన్, నాకు బాగా నచ్చింది ఇదే. రబ్బీల కోర్టు ఒక సొసైటీలాగా నిలబడుతుంది, తోటల్లో పళ్ళు ఎవరి సొంతం కాదు, రైతు ఆ ఏడాది యజమాని కాదు, కోర్టు తరఫున పనిచేసే కూలీ లెక్క. కోత, పాకింగు, లారీ, షాపు, ఈ ఖర్చులకే మనం డబ్బు కడతాం, పండుకి కాదు. పండుకి ధర ఉండకూడదు కదా, లేవీయకాండం ప్రకారం అది అందరిదీ. చదువుతుంటే మాటల గారడీలా ఉంటుంది, కానీ యూదు రైతు రోడ్డున పడకుండా చట్టమూ పోకుండా మధ్యలో నిలబడే దారి ఇది, పైగా కొత్తగా కనిపెట్టింది కూడా కాదు, పాత గ్రంథం తోసెఫ్తాలోనే మూలం ఉందట. పళ్ళకి ఇది బాగా కుదురుతుంది, ద్రాక్ష, కమలాలు, అవకాడో, వైను. కూరగాయలకి అంతగా కుదరదు, ఎందుకంటే ఆ ఏడాది విత్తింది ఎలాగూ కుదరదు, ఆరో ఏట విత్తి ఏడో ఏట కోసినవే కొన్నాళ్ళు వస్తాయి. చిక్కల్లా ఏంటంటే ఆ పండులో పవిత్రత పూర్తిగా ఉంటుంది, ఇంటికి తెచ్చాక పని మీ నెత్తిన పడుతుంది. పచ్చిగా తినేదాన్ని వండకూడదు, వండుకు తినేదాన్ని పచ్చిగా తినకూడదు, పశువులకి వెయ్యకూడదు, మిగిలింది చెత్తలో వెయ్యకూడదు.

దానికోసమే పహ్ ష్మితా, అంటే ష్మితా డబ్బా. మామ్మగారింట్లో సింకు పక్కన మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బా ఉండేది, పాత పెరుగు డబ్బా కన్నా కాస్త పెద్దది, లోపల ఒక కవరు. పళ్ళెంలో మిగిలిన ద్రాక్షలు, ఆపిల్ ముక్క, కమలా తొక్క, తినడానికి ఏ మాత్రం పనికొచ్చేదైనా అందులోకి. రాత్రి ఆ కవరు ముడేసి పక్కన పెట్టి కొత్త కవరు వెయ్యాలి, నిన్నటి కుళ్ళిన దానిమీద ఇవాల్టిది వేస్తే ఇవాల్టిది నీ చేత్తో నువ్వు కుళ్ళబెట్టినట్టు, అదీ తప్పే. కవర్లలో అది దానంతటది పాడయ్యాక అప్పుడు మామూలు చెత్తలోకి. ఎండాకాలంలో ఆ వంటింట్లో చిన్న చిన్న దోమలు, బాబోయ్, అల్మారా తెరిస్తే ముఖాన కొట్టేవి. ఇంక నేను దొరికిపోయిన సంగతి, ష్మితా 2022 సెప్టెంబరులో అయిపోయింది, హమ్మయ్య అని డబ్బా కడిగి పైన పెట్టేశా, డిసెంబరులో కమలాలు వలిచి తొక్కలు మామూలు చెత్తలో పడేశా. మామ్మగారు వాకర్ పట్టుకుని వంటింట్లోకొచ్చి చెత్త బుట్ట వైపు చూసి ఏమీ అనలేదు, అరవలేదు, వంగలేని మనిషి వంగి ఒక్కో తొక్కా తీసి టేబుల్ మీద పెట్టుకుంది. అప్పుడు చెప్పింది, మేదెలె (అమ్మాయీ అని), ఈ కమలాలు పిందె పడింది పోయిన వసంతంలో, ఇవి ష్మితా కమలాలు అని. నాకు సిగ్గేసింది. సంచీ మీద ఓత్సార్ బేత్ దీన్ ముద్ర ఉంది కూడా, నేనే చూడలేదు. కాబట్టి క్యాలెండర్ మారగానే డబ్బా దాచేయకండి, నిమ్మజాతి పళ్ళు ఆ తర్వాతి చలికాలమంతా, వైను అయితే ఇంకా చాలాకాలం ష్మితాదే వస్తుంటుంది.

మూడోది యెవూల్ నోఖ్రి, యూదులు కానివాళ్ళు సొంత భూమిలో పండించింది. ఇజ్రాయెల్‌లోని అరబ్బు రైతులు, పాలస్తీనా ఊళ్ళు. దీనిమీద 16వ శతాబ్దంలో సఫేద్ ఊళ్ళో ఇద్దరు మహా రబ్బీలు తగువుపడ్డారు. యోసెఫ్ కారో అన్నాడు, యూదుడు కానివాడు పండించిందాంట్లో ఆ పవిత్రత ఉండదు, మామూలుగా తినండి అని. మోషే ది త్రానీ అన్నాడు, ఉంటుంది అని. జెరూసలేం వాడుక కారో మాట మీద నడుస్తుంది, బ్నే బ్రాక్‌లో 1953 దాకా బతికిన హజోన్ ఈష్ అనే రబ్బీ రెండో మాట పట్టుకున్నాడు, ఆ ఊరు ఇప్పటికీ ఆయన వెనకే. అదీ కథ, నాలుగొందల ఏళ్ళ నాటి తగువు వల్ల నా ఫ్రెండు కీర తొక్క చెత్తలోకి, నా కీర తొక్క డబ్బాలోకి. తినడం మాత్రం ఇద్దరూ తింటారు, అరబ్బు రైతు పొలానికి సెఫిఖీన్ నిషేధం లేదని అక్కడివాళ్ళూ ఒప్పుకుంటారు. ఇంకో గొడవ కూడా ఉంది, జాతీయవాద భక్తులున్న ఇళ్ళల్లో "మన రైతుని వదిలేసి వాళ్ళ దగ్గర కొనడమేంటి" అంటారు, వాళ్ళకి ఓత్సార్ గానీ హెతేర్ గానీ ముందు, ఇది చివర. హరేదీ ఇళ్ళల్లో సరిగ్గా తలకిందులు. కాబట్టి "అరబ్బు పంట, సేఫ్" అని కళ్ళు మూసుకుని అన్ని ఇళ్ళకీ పట్టుకెళ్ళకండి.

సేఫ్ అంటే గుర్తొచ్చింది, మార్కెట్లో అమ్మేవాడి మాట నమ్మి కొనొద్దు. నేను మొదటి నెలలో సెలవు రోజు టెల్ అవీవ్ పాత బస్ స్టేషన్ వైపు వెళ్ళి, మనవాళ్ళని కలిసి కబుర్లు చెప్పుకుని, వచ్చేటప్పుడు చవగ్గా ఉన్నాయని రెండు కిలోల కీరా, రెండు కట్టల కొత్తిమీర సంచీలో వేసుకొచ్చా. మామ్మగారు అడిగింది ఒకటే, ఎక్కడివి, సర్టిఫికెట్ ఉందా అని. నాకేం తెలుసు. ఫ్రిజ్‌లో పెట్టనివ్వలేదు. తిట్టలేదు లెండి, నువ్వు తిను, నీకు తప్పు కాదు, మా పళ్ళేల్లో వద్దు మా కత్తితో వద్దు అంది. మూడు రోజులు నా గదిలో పేపర్ ప్లేట్‌లో ప్లాస్టిక్ చాకుతో కోసుకుని ఉప్పూ కారం అద్దుకుని అవే తిన్నా, కొత్తిమీరని ఏం చెయ్యాలో తెలీక పక్కింటి ఫిలిప్పినో అమ్మాయికి ఇచ్చేశా.

ఇంక ఏ తగువూ లేని దారులు కొన్ని ఉన్నాయి, ఖర్చు కాస్త ఎక్కువ. విదేశీ సరుకు ఒకటి, వేరే దేశం నుంచి వచ్చిన ఉల్లిపాయా బంగాళాదుంపా ష్మితాలోకి రాదు, పెట్టె మీద దేశం పేరు ఉంటే పని అయిపోయింది. షిషీత్ ఇంకోటి, అంటే ఆరో ఏడు పండించి కోల్డ్ స్టోరేజ్‌లో పెట్టింది, బంగాళాదుంప, క్యారెట్, ఉల్లి లాంటివి. మొదటి నెలల్లో బాగుంటాయి, వసంతానికి వచ్చేసరికి దుంపలు మెత్తబడి మొలకలొస్తాయి, మా ఇంట్లో మామ్మగారి కోడలు దానికి కూడా అలవాటు పడిపోయింది, నాకే అవి తొక్క తీసేటప్పుడు విసుగు. దక్షిణ అరావా ఇంకోటి, ఎయ్లాత్ వైపు ఎడారి, పాతకాలం సరిహద్దుల లెక్కలో అది ష్మితా నేల కాదని చాలామంది ఒప్పుకుంటారు, క్యాప్సికం, టమాటా, పుచ్చకాయ అక్కడినుంచి వస్తాయి. ఆఖరుది మత్సా మెనుతాక్, గ్రీన్‌హౌస్‌లో కింద మందంపాటి షీటు పరిచి, నేలకి తగలకుండా కుండీల్లోనో తొట్లల్లోనో పెంచినవి, ఆకుకూరలకి ఇది బాగుంటుంది. వీటిల్లో తొక్కలకి డబ్బా అక్కర్లేదు, వంటకి రూల్స్ లేవు. కానీ మెనుతాక్ కూడా కొందరు ఒప్పుకోరు, ముద్ర ఎవరిదో చూడాలి.

మన సరుకుల సంగతి అడుగుతారు, బియ్యం, కందిపప్పు, చింతపండు, ఎండుమిర్చి ఇండియా నుంచి వచ్చినవైతే ష్మితా బాధ లేదు (కోషర్, అంటే వాళ్ళ తిండి నియమాల గొడవ వేరే, అది ఎలాగూ ఉంది, ఊరి నుంచి తెచ్చిన ఆవకాయ నా గదిలోనే ఉండేది). చిక్కు ఎక్కడంటే పప్పులో వేసే కూరగాయ దగ్గర. కీరా అక్కడ పచ్చిగా తినేది, పవిత్రత ఉన్న కీరాని పప్పులో వేసి ఉడకబెడితే తప్పవుతుందేమో అని ఆ ఏడాది అసలు వెయ్యలేదు, సొరకాయతో సరిపెట్టుకున్నా. ఇంకో ముఖ్యమైనది బాల్కనీ కుండీలు. మనకి అలవాటు కదా గుప్పెడు ధనియాలు నలిపి కుండీలో చల్లేయడం, ఆ ఏడాది వాళ్ళింట్లో అది చెయ్యొద్దు. నేను యూదుని కాదు కదా నేను చల్లుతా అంటే కుదరదు, వాళ్ళ మొక్క వాళ్ళ కోసం మనచేత చేయించడం కూడా వాళ్ళకి ఒప్పు కాదు. ఉన్న మొక్కకి నీళ్ళు పొయ్యచ్చా, కుండీ ఇంట్లో ఉంటే ఒకటి బాల్కనీలో ఉంటే ఒకటి, రబ్బీకో మాట చెప్తారు, అడిగి పొయ్యండి.

సరే, ఇంతకీ ఏది కొనాలి. ఇల్లు పట్టింపులేనిదైతే లేదా "రబ్బినేట్ ముద్ర చాలు" అనే ఇల్లయితే హెతేర్ మెఖిరా కొనెయ్యండి, తక్కువ ధర, తాజా సరుకు, డబ్బాల గోల ఉండదు, ఎక్కువ ఆలోచించి మీరు కొత్త మడి పెట్టక్కర్లేదు. భక్తి ఉన్న జాతీయవాద ఇల్లయితే పళ్ళు ఓత్సార్‌లో, కూరగాయలు అరావా, మెనుతాక్, షిషీత్, అవి దొరక్కపోతే హెతేర్ ఒప్పుకుంటారేమో అడగండి, కొందరు ఒప్పుకుంటారు. ఓత్సార్ హాఆరెత్స్ అనే పేరు కనిపిస్తుంది, ఇలాంటి దారులు కొన్ని కలిపి ఒకే గొడుగు కింద ఇచ్చే ఏర్పాటు అది, ఆ ఇళ్ళకి సరిగ్గా సరిపోతుంది. జెరూసలేం హరేదీ ఇల్లయితే అరబ్బు పంట, విదేశీ సరుకు, వాళ్ళ బాదాత్స్ (వాళ్ళ రబ్బీల కోర్టు) ముద్ర ఉన్న షాపులోనే. బ్నే బ్రాక్ అయితే అవే కొని, అరబ్బు పంటకి కూడా డబ్బా పెట్టుకోండి, ఓత్సార్ పళ్ళు కూడా వాళ్ళ ముద్ర ఉంటే తెస్తారు. నన్నడిగితే, ఎవరి ఇల్లో తెలీని చోట, అంటే కొత్తగా డ్యూటీ ఎక్కిన మొదటి వారంలో, డబ్బు కాస్త ఎక్కువైనా దేశం పేరు రాసున్న విదేశీ కూరగాయలే కొనండి, ముద్ర ఉన్నవి. కాస్త వాడిపోయి ఉన్నా సరే, వాటితో తప్పు జరిగే చాన్సు తక్కువ. పళ్ళు అయితే ఓత్సార్ మంచిదని నా మాట, ఒకసారి డబ్బా అలవాటైతే అంత కష్టమేం కాదు, రుచికి కూడా బాగుంటాయి, పైగా రైతుకి నాలుగు రూపాయలు పోతాయి, రైతు బిడ్డని కదా అది నాకు పట్టింపు. కూరగాయకి తేదీల లిస్టు ఒకటి ఉంటుంది, ఫలానా రోజు నుంచి కీరా అనుమానం, ఫలానా రోజు నుంచి క్యాబేజీ అని, దాన్ని ఇంటివాళ్ళని అడిగి ప్రింటు తీయించుకుని ఫ్రిజ్ మీద అంటించుకోండి. హీబ్రూ చదవడం రాకపోతే షాపులో కాష్ కౌంటర్ వెనక వేలాడే సర్టిఫికెట్‌ని ఫోటో తీసి వాళ్ళ కూతురికో కొడుక్కో వాట్సాప్ పెట్టి, సరే అన్నాకే సంచీ నింపండి. నేను ఆ కీరాల తర్వాత ప్రతిసారీ అలాగే చేశా, విసుక్కున్నారు కానీ తప్పు మాత్రం జరగలేదు.

చాలామందికి తెలియని ఇంకోటి బియూర్. ఒక్కో పంట పొలాల్లో పూర్తిగా అయిపోయే తేదీ ఉంటుంది, ఆ రోజుకి ఇంట్లో నిల్వ ఉన్నదాన్ని వదులుకోవాలి, లేకపోతే ఆ తర్వాత తినకూడదు. ద్రాక్షకి అది పస్కా. 2023 ఏప్రిల్‌లో పస్కా ముందు రోజు మామ్మగారు ఓత్సార్ వైను సీసాలు నాలుగు సంచీలో పెట్టించి, నా చేత మెట్లు దింపించి వీధిలోకి తెప్పించింది, సీలు తియ్యనివి కాబట్టి నేను పట్టుకోవచ్చు, తెరిచిన సీసా అయితే మనం ముట్టుకుంటేనే మైల. ముగ్గురు పక్కింటివాళ్ళు వచ్చి నిలబడ్డారు, మామ్మగారి పెద్దకొడుకు ఇది హెఫ్కేర్, ఎవరిదీ కాదు, కావాల్సినవాళ్ళు తీసుకోండి అన్నాడు. నాకు గుండె దడ, ఎవరైనా తీసేసుకుంటే ఎలా అని, మంచి వైను. ముగ్గురూ మొహాలు చూసుకుని నవ్వారు, ఎవరూ తీసుకోలేదు, ఆయన ఒక్క క్షణం ఆగి సంచీ మళ్ళీ నా చేతికిచ్చాడు, పైకి తీసుకెళ్ళమని. తతంగం రెండు నిమిషాలు, మెట్లు ఎక్కడం పది నిమిషాలు. ఇదే ఏడాది చివర అప్పులు కూడా మాఫీ అవుతాయి, దాన్ని దాటడానికి ప్రొజ్బుల్ అనే కాయితం ఉంది, హిల్లేల్ అనే పాతకాలం రబ్బీ నాటిది, మీరు ఆ ఇంటివాళ్ళకి చేబదులు ఇచ్చి ఉంటే కంగారు పడకండి, ఇది యూదుల మధ్య లెక్కలకి.

మరి పవిత్రమైన పండు మనం తినొచ్చా అని అందరూ అడుగుతారు. పాత రూలు ప్రకారం యూదుడు కానివాడికీ రోజు కూలీకీ పెట్టకూడదు. కానీ 12వ శతాబ్దపు మైమోనిడీస్ అనే మహా రబ్బీ ఏం రాశాడంటే వారానికో నెలకో ఏడాదికో కుదిరిన మనిషైతే, లేదా తిండి యజమాని పెట్టాలని ఒప్పుకున్న మనిషైతే, వాళ్ళు ఇంటి మనుషుల లెక్క, పెట్టొచ్చు అని. ఇది మనకి కూడా వర్తిస్తుందా అన్నది వాళ్ళ రబ్బీని అడగాల్సిన మాట, మామ్మగారు మాత్రం ఆ లైను నాకు చదివి వినిపించి ద్రాక్ష గిన్నె నా వైపు తోసింది. మీకు మీరుగా ఫ్రిజ్‌లోంచి తీసుకుని ఫ్రెండ్స్‌కి పంచడం మాత్రం చెయ్యకండి, మీరు ఇంటి మనిషి అయినా మీ ఫ్రెండు కాదు.

సెలవు మీద ఇంటికొచ్చేవాళ్ళకి ఒక్క మాట, ఓత్సార్ వైను గానీ ఖర్జూరాలు గానీ ఇంటివాళ్ళ ఫ్రిజ్‌లోంచి సూట్‌కేసులో పెట్టుకోకండి, ఏడో ఏటి పంటని దేశం దాటించకూడదని మిష్నా అనే పాత యూదు ధర్మగ్రంథంలోనే ఉంది. మామూలు ఖర్జూరాలు బయట కొనుక్కోండి, ష్మితా ముద్ర లేనివి.